పలకా బలపంతో పరదేశం
పాఠకుల ప్రశ్నలకు టీచరమ్మ జవాబులు

నేపాల్ కొండల్లో ఆడవాళ్ళ చదువు కోసం నేను గడిపిన ఐదు నెలల గురించి పోయిన సంచికలో కొంచెం రాశాను. ఆ తరువాత పర్లాకిమిడిలో మా ఇంటికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు, అందుకే నాలుగింటికి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాది గుణుపురం. వయసు 24, బీఈడీ అయింది. కెన్యా పల్లెల్లో ఆడవాళ్ళకు చదువు, నాయకత్వ శిక్షణ ఇచ్చే కార్యక్రమానికి వాలంటీర్‌గా 15 రోజులు తీసుకెళ్తామని ఒక సంస్థ అంటోంది. విమానం టికెట్ కాక 1,60,000 రూపాయలు కట్టాలి. సర్టిఫికెట్ ఇస్తారట. నాన్నగారు అమ్మ గొలుసు తాకట్టు పెడతానంటున్నారు. వెళ్ళమంటారా?

తల్లీ, ఆ గొలుసు బీరువాలోనే ఉండనీ.

నీ కోరిక మంచిది, దాన్ని చంపుకోమని నేను చెప్పను. ఆ 15 రోజుల సంగతే నాకు నచ్చలేదు. రానూపోనూ ప్రయాణానికి నాలుగు రోజులు పోతాయి. ఊళ్ళో దిగి, నిద్ర పట్టి, నీళ్ళు ఒంటికి పడేసరికి ఇంకో మూడు రోజులు. ఇక మిగిలేది వారం. తన వయసులో సగం కూడా లేని పరాయి పిల్ల ముందు కూర్చుని "నాకు చదువు రాదు" అని ఒప్పుకోవడానికి ఆ పల్లె ఆడమనిషికి వారం చాలదు.

ఈ సంగతి నాకు నా అనుభవం నేర్పింది. 1993లో, గజపతి జిల్లా ఏర్పడిన మరుసటి ఏడాది, గుమ్మా బ్లాకులో సవర గిరిజనుల ఊళ్ళో రాత్రి బడి నడపడానికి వెళ్ళాను. లాంతరు, ఒడియా వాచకాలు, పాతిక పలకలు పట్టుకెళ్ళాను. మొదటి నెలన్నర ఒక్కరూ పలక ముట్టలేదు. వచ్చేవాళ్ళు, లాంతరు చుట్టూ కూర్చునేవాళ్ళు, నన్ను చూసేవాళ్ళు, లేచి వెళ్ళిపోయేవాళ్ళు. వాచకంలో కుండ బొమ్మ చూపించి "మాఠియా" అని చదివేదాన్ని. వాళ్ళ భాషలో కుండకు వేరే మాట ఉంది. అంటే వాళ్ళు అక్షరం నేర్చుకోవడానికి ముందు నా భాష నేర్చుకోవాల్సి వచ్చింది. పగలంతా పోడులో పనిచేసి వచ్చిన మనిషి మీద అది రెట్టింపు బరువు. ఒక ముసలమ్మ దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు యాభై దాకా నేను నేర్చుకున్నాకే బడి మొదలైంది.

మన పర్లాకిమిడి మేష్టారు గిడుగు రామమూర్తి గారు ఈ పని నాకు వందేళ్ళ ముందే చేసి చూపించారు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆయన దగ్గర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే పాఠాలు రాసి బళ్ళు పెట్టించారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైన్ వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండలు వేస్తాం. సవర మాటల కోసం చెవులు పోగొట్టుకున్న మనిషిగా కూడా ఆయన్ని తలుచుకోవాలని నాకుంటుంది.

ఇప్పుడు ఆ సంస్థకు ఫోన్ చేసి అడుగు. మేము వెళ్ళకముందు ఆ ఊళ్ళో పాఠం ఎవరు చెబుతున్నారు, వచ్చేశాక ఎవరు చెబుతారు? పాఠం ఏ భాషలో? స్థానిక టీచర్‌కు నెలకు ఎంత ఇస్తున్నారు? నా 1,60,000లో ఆ ఊరికి చేరేది ఎంత? చివరగా, ఏ వీసా మీద తీసుకెళ్తున్నారు? చాలా దేశాల్లో జీతం లేకుండా చేసినా పని పనే. టూరిస్టు వీసా మీద వెళ్ళి పాఠం చెబితే చట్టం ముందు తప్పు నీదవుతుంది. వీటికి సూటిగా జవాబు రాకపోతే నీకు కావలసిన జవాబు వచ్చినట్టే.

నేపాల్‌లో నా కళ్ళతో చూసిన ఒక సంగతి చెబుతాను. నేనున్న ఊరికి రెండు వారాల కోసం ఒక వాలంటీర్ల బృందం వచ్చింది. మంచి పిల్లలే. బడి గోడకు రంగు వేశారు. ఆ గోడకు అంతకుముందు వచ్చిన బృందం కూడా రంగు వేసిందట. అది నాట్ల కాలం. ఒకరి పొలంలో ఒకరు వంతులవారీగా నాటుకునే రోజుల్లో, 20 మంది ఆడవాళ్ళు ఫొటోల కోసం ఒక పూట పని మానుకుని కొత్త చీరలు కట్టుకుని నిలబడ్డారు. ఆ పూట నాటు ఆగిన మడి ఎవరిదో నాకు తెలుసు. ఆ పిల్లలకు తెలియదు, ఎవరూ చెప్పలేదు.

విదేశం వెళ్ళాలంటే వేరే దారులున్నాయి. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1970 నుంచి ఉంది, ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్‌లో. 18 నుంచి 26 ఏళ్ళవాళ్ళకు విడిగా యువ వాలంటీర్ల విభాగం ఉంది. పేరు నమోదుకు పైసా అక్కర్లేదు. ఎంపికైతే నెలనెలా బతకడానికి సరిపడా భత్యం వాళ్ళే ఇస్తారు. పోటీ గట్టిగా ఉంటుంది, ఊళ్ళో పనిచేసిన అనుభవం అడుగుతారు.

ఆ అనుభవం నీ గుమ్మం ముందే ఉంది. పుట్టాసింగి వైపు సవర ఊళ్ళు నీకు ఎంత దూరం? 15 ఏళ్ళు దాటిన చదువురానివాళ్ళ కోసం 2022లో కేంద్రం తెచ్చిన ఉల్లాస్ కార్యక్రమం నడిచేదే వాలంటీర్ల మీద. ఒక్క వ్యవసాయ కాలం, నాటు నుంచి కోత దాకా, ఒకే ఊళ్ళో, ఒకే పదిమందితో కూర్చో. ఆ తరువాత నాకు మళ్ళీ రాయి. అప్పుడు కెన్యా గురించి మాట్లాడుకుందాం.

ప్రశ్న: నేను జయపురంలో అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. 61 ఏళ్ళు. మీలాగే నేపాల్ వెళ్ళి పనిచేయాలని ఉంది. పిల్లలు "ఈ వయసులో ఎందుకమ్మా టెన్షన్" అంటున్నారు. అసలు నాయకత్వం నేర్పడమంటే అక్కడ మీరేం చేశారు?

అక్కా, మీ వయసే మీ బలం. చీపురు పట్టిన చెయ్యి, పురుళ్ళు చూసిన చెయ్యి చూసి ఆ ఆడవాళ్ళు మిమ్మల్ని తమ మనిషి అనుకుంటారు. 24 ఏళ్ళ పిల్లకు ఆరు నెలలు పట్టే దగ్గరితనం మీకు ఆరు రోజుల్లో వస్తుంది.

నేను 2018లో వెళ్ళాను. 1950 నాటి ఒప్పందం వల్ల మనకు నేపాల్‌కు వీసా అక్కర్లేదు. విమానంలో అయితే పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. నేను పలాసలో రైలెక్కి హౌరా, అక్కడ మిథిలా ఎక్స్‌ప్రెస్‌లో రక్సౌల్, సరిహద్దు దాటి బీర్‌గంజ్, అక్కణ్ణించి బస్సులో హెటౌడా వెళ్ళాను. అది మకవాన్‌పూర్ జిల్లా కేంద్రం. దాని పైన కొండ మీద ఊరు. అక్కడ ఎక్కువమంది తమాంగ్‌లు, ఇళ్ళలో తమాంగ్ భాష. నేపాలీ వాళ్ళకు బడి భాష, ఆఫీసు భాష. మన సవరలకు ఒడియా ఎలాగో అలాగే.

పాఠం నేను చెప్పలేదు. చెప్పింది ఆ ఊరి అమ్మాయే, 23 ఏళ్ళది. నేను ఆమెకు సహాయకురాలిని. చార్టులు రాయడం, వెనక కూర్చున్నవాళ్ళ చెయ్యి పట్టి దిద్దించడం, అలికిన నేల మీద చాపలు పరవడం నా పని. వెళ్ళేవాళ్ళకు సరైన స్థానం ఇదేనని నా గట్టి నమ్మకం.

నాయకత్వం సంగతికి వస్తాను. నేపాల్‌లో 20 ఏళ్ళ విరామం తరువాత 2017లో స్థానిక ఎన్నికలు జరిగాయి. ప్రతి వార్డులో అధ్యక్షుడు కాక నలుగురు సభ్యులు. అందులో ఇద్దరు ఆడవాళ్ళు, ఆ ఇద్దరిలో ఒకరు దళిత మహిళ అయి తీరాలని చట్టం. దాంతో దేశం మొత్తం మీద గెలిచినవాళ్ళలో సుమారు 41 శాతం మంది ఆడవాళ్ళే అయ్యారు. సంతకం రానివాళ్ళు కూడా రాత్రికి రాత్రి వార్డు సభ్యులయ్యారు. మా తరగతికి అలాంటి ఒకావిడ వచ్చేది. ఇనుప పని చేసే దళిత కుటుంబం, నలభై ఐదేళ్ళు ఉంటాయి. మొదటి రోజుల్లో గుమ్మం దగ్గరే కూర్చునేది, లోపలికి రమ్మంటే నవ్వి ఊరుకునేది. టీచరమ్మాయి ఒక రోజు చాపలన్నీ గుండ్రంగా వేసింది. గుండ్రంగా వేస్తే గుమ్మం దగ్గర అనే చోటు ఉండదు కదా.

ఆవిడ వార్డు మీటింగులో వేలిముద్ర వేసేది. అక్కడ దాన్ని ల్యాప్చే అంటారు. మన ఒడియాలో టిపచిహ్న. మూడు నెలలకు పేరు రాయడం వచ్చింది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆవిడ ముఖంలో సంతోషం కనబడలేదు. మర్నాడు మైన్యూట్ బుక్కులో ఒక పేజీ నకలు తెచ్చి చాప మీద పెట్టింది.

ఆ పేజీ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పైన తేదీ, 2075. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, వాళ్ళది విక్రమ సంవత్సరం. దాని కింద "ఉపస్థితి", అంటే హాజరు. కింద వరసగా పేర్లు, సంతకాలు. వాటి కింద ప్రస్తావాలు, నిర్ణయాలు. మీటింగు మొదలవగానే సంతకాలు పెట్టిస్తారు, నిర్ణయాలు రాసేది తరువాత. అది అక్కడి పద్ధతి. ఎవరో మోసానికి పెట్టింది కాదు. చదవగలిగినవాళ్ళకు ఇబ్బంది లేదు, వెళ్ళే ముందు ఒకసారి చూసుకుంటారు. చదవలేని మనిషి మాత్రం ఇంకా రాయని మాటకు ముందే సంతకం పెట్టినట్టవుతుంది. ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే. "దీది, నా పేరు కింద ఏం రాశారో నాకెలా తెలుస్తుంది?"

అంతవరకూ మేం క, ఖ, గ వరస ప్రకారం చెబుతున్నాం. టీచరమ్మాయి ఆ రోజు వరస వదిలేసింది. పలక మీద "నిర్ణయ" అని రాసింది. దేవనాగరిలో ఆ ర్ణ రాయడం కష్టం, ణ నెత్తిన చిన్న కొక్కెంలా ర పెట్టాలి. ఏ వాచకంలోనూ మొదట్లో రాదు. అది నాలుగు సాయంత్రాలు పట్టింది. నేను ఆ పేజీలో వాక్యాలను వేలెడంత అక్షరాల్లో చార్టు మీద రాశాను. మలేషియాలో, ఖతార్‌లో మగవాళ్ళున్న ఇళ్ళ ఆడవాళ్ళు కూడా వచ్చి చేరారు. డబ్బు పంపిన రసీదు తామే చదువుకోవాలని వాళ్ళ కోరిక.

తరువాతి మీటింగుకు టీచరమ్మాయి తోడు వెళ్ళింది, వెనక బెంచీ మీద నేనూ కూర్చున్నాను. ముగించే ముందు ఆవిడ లేచి, రాసింది ఒకసారి గట్టిగా చదవమంది. కార్యదర్శి కాదనలేదు, చదివాడు. రెండో నిర్ణయం దగ్గర ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. నీళ్ళ కుళాయి పై టోల్‌లో వేయాలని అందరూ ఒప్పుకున్నారు. టోల్ అంటే మన గూడెం లాంటిది. పుస్తకంలో ఉత్త "గ్రామంలో" అని ఉంది. ఏ టోలో రాయమంది. రాశాడు. ఆ చివరి వాక్యం కింద ఖాళీ లేకుండా గీత గీయించి, గీత మీద మరోసారి సంతకం పెట్టింది. చెయ్యి వణికింది, ఆఖరి అక్షరం గీత దాటి కిందికి జారింది.

అక్కా, నాయకత్వం నేర్పడం గురించి నాకు తెలిసింది ఇంతే. దానికి ప్రొజెక్టర్, బ్యానర్ అక్కర్లేదు. మన ఒడిశాలో పంచాయతీ సీట్లు సగం ఆడవాళ్ళవి. సర్పంచమ్మ ఇంట్లో ఉంటే భర్త కుర్చీలో కూర్చునే ఊళ్ళు మీరూ చూసే ఉంటారు. ఆ చూపుతో వెళ్తే అక్కడ ఏం చేయాలో మీకు ఇట్టే తెలుస్తుంది.

వెళ్తే ఒకటి తప్పకుండా పట్టుకెళ్ళండి: చదువుకునే కళ్ళద్దాలు, ఒకటిన్నర, రెండు, రెండున్నర నంబర్లవి. నలభై దాటాక దగ్గరి అక్షరం మసకబారుతుంది. "నా బుర్రకి ఎక్కదు" అని బడి మానేసిన ఆడవాళ్ళలో ఎంతమందికి అసలు బాధ కళ్ళేనో. గుమ్మాలో ఇది నాకు తెలియక ఎందరినో పోగొట్టుకున్నాను. నేపాల్‌కు 30 జతలు తీసుకెళ్ళాను. ఆ వార్డు సభ్యురాలు పెట్టుకున్నది రెండో నంబరు. ఆషాఢంలో, అక్కడ అసార్ అంటారు, నాట్లకి తరగతి ఆగిపోతుంది. ఆ నెల మీరు కూడా మోకాళ్ళు సహకరించినంత మేరకు మడిలో దిగండి.

ప్రశ్న: రాయగడ నుంచి ఒక తల్లిని. మా అమ్మాయికి సెనెగల్‌లో ఆడవాళ్ళ అక్షరాస్యత మీద పనిచేసే సంస్థలో ఆరు నెలల అవకాశం వచ్చింది. ఖర్చులు వాళ్ళే పెడతారు. ఆఫ్రికా అంటే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

చెల్లెమ్మా, ముందు చేయాల్సిన పని చెబుతాను, పని చేతిలో ఉంటే భయం తగ్గుతుంది. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించాలి. అన్ని ఆసుపత్రుల్లోనూ వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుతో పాటే ఉండాలి. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మలేరియా అక్కడా ఉంది, రాయగడవాళ్ళకు దోమతెర గురించి నేను చెప్పక్కర్లేదు. మాత్రల సంగతి డాక్టర్‌ని అడగండి. దిగిన వెంటనే డకార్‌లోని మన రాయబార కార్యాలయంలో పేరు, చిరునామా నమోదు చేయించమనండి. మనకు రాత్రి 9 అయితే వాళ్ళకు మధ్యాహ్నం మూడున్నర. మాట్లాడుకోవడానికి మంచి వేళ.

తిండి గురించి బెంగ వద్దు. అన్నం, చేపలు అక్కడి రోజువారీ భోజనం. పెద్ద పళ్ళెంలో వడ్డించుకుని చుట్టూ కూర్చుని కలిసి తింటారు. ఫ్రెంచి ప్రభుత్వ భాష, ఊళ్ళో ఎక్కువగా వినబడేది వొలోఫ్. "నాంగా దెఫ్" అంటే ఎలా ఉన్నావని. "మాంగి ఫి" అని జవాబిస్తారు, ఇక్కడే ఉన్నానని అర్థం. మన ఊళ్ళలో "ఏదో, ఉన్నామమ్మా" అన్నట్టే లేదూ?

ఆడవాళ్ళ చదువు విషయంలో సెనెగల్ నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. 1991 నుంచి పనిచేస్తున్న తోస్తాన్ అనే సంస్థ అక్కడ ఉంది. మూడేళ్ళ కార్యక్రమం, అంతా స్థానిక భాషల్లోనే. మొదట నెలల తరబడి పుస్తకమే తీయరు. ఆరోగ్యం, హక్కులు, ఊరి సమస్యలు, అన్నీ మాటల్లోనే. ఈ భాగానికి కోబి అని పేరు, మండింకా భాషలో విత్తే ముందు నేల సిద్ధం చేయడం. అక్షరాలు వచ్చే రెండో భాగం పేరు ఆవ్‌దె, ఫులా భాషలో విత్తనం నాటడం. దుక్కి దున్నకుండా విత్తు జల్లరని రైతు బిడ్డలమైన మనకి వేరే చెప్పాలా? ఆ తరగతుల్లో కూర్చున్న మలికుండ బంబారా ఊరి ఆడవాళ్ళే, ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారాన్ని మానుకుంటున్నామని 1997 జూలై 31న అందరి ముందూ ప్రకటించారు.

ఇది వింటే నాకు మన దూబగుంట గుర్తొస్తుంది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వాచకంలో, తాగుడు చెడగొట్టిన సంసారం గురించిన పాఠం ఒకటి ఉండేది. ఆ కథ మాదేనన్నారు ఆ ఊరి ఆడవాళ్ళు. రోశమ్మ గారితో కలిసి కదిలి 1992లో సారా దుకాణం మూయించారు. ఆ సెగ రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. మీ అమ్మాయి వెళ్తున్నది అలాంటి పనికి. వెళ్ళనివ్వండి. దూబగుంట కథ ఫ్రెంచిలోనో, వొలోఫ్‌లోనో చెప్పడం నేర్చుకోమనండి. అక్కడి ఆడవాళ్ళకు మనం ఇవ్వగలిగిన మంచి కానుక అది.

ప్రశ్న: బరంపురం. మా మహిళా సంఘంలో సగం మందికి పాస్‌బుక్కు చదవడం రాదు. మన దగ్గరే ఇలా ఉంటే విదేశాలకు వెళ్ళడం ఎందుకండీ?

మీ కోపం న్యాయమైనదే. మహిళా సంఘాల కోసం ఒడిశా ప్రభుత్వం పెట్టిన మిషన్ శక్తి 2001 మార్చి 8న మొదలై ఇన్నేళ్ళయింది. సంఘాల్లో డబ్బు తిరుగుతోంది, లెక్క పుస్తకం మాత్రం ఇంకా ఒకరిద్దరి చేతిలోనే ఉంది. నేను వెళ్ళొచ్చాక చేస్తున్న పని కూడా ఇక్కడిదే. మైన్యూట్ బుక్కుతో పాఠం చెప్పడం నేను నేర్చుకున్నది మాత్రం ఆ కొండమీదే. వెళ్ళకపోతే నాకు తట్టేది కాదు.

ఇప్పుడు మా వసారాలో సాయంత్రం ఆరు తరువాత తొమ్మిది మంది కూర్చుంటున్నారు. వాచకం లేదు, వాళ్ళ పాస్‌బుక్కులే వాచకం. "జమ", "ఉఠాణ" (డబ్బు తీయడం) అనే రెండు ఒడియా మాటలతో మొదలుపెట్టాం. మహేంద్రతనయ నది అవతల పాతపట్నం నుంచి వచ్చే ఇద్దరికి అవే తెలుగులో రాస్తాను. బరంపురం నుంచి ఇటు ఎప్పుడైనా వస్తే ఒక సాయంత్రం కూర్చుని చూడండి. పలకలు సరిపడా ఉన్నాయి. రెండో నంబరు కళ్ళద్దాలు రెండు జతలు తక్కువయ్యాయి, దొరికితే పట్టుకురండి.